గెనిమ మీది పసుపు పొద: వాటిల్ నేర్పిన పాఠం, తంగేడు అడుగుతున్న పరిశోధన

అనంతపురం పీఠభూమిలోని మెట్ట గ్రామాలకు వెళ్లిన విస్తరణ శాస్త్రవేత్తకు ఒక ప్రశ్న తప్పక ఎదురవుతుంది. "గెనిమ మీద ఏం నాటితే బతుకుతాది సార్?" అని రైతు అడుగుతాడు. ప్రశ్న చిన్నదే గాని, దానికి బాధ్యతతో సమాధానం చెప్పటం తేలిక కాదు. ఏటా సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వర్షం మాత్రమే కురిసే నేల ఇది. ఆ వర్షంలోనూ అధిక భాగం నైరుతి ఋతుపవనాల కాలంలో, వారాల తరబడి ఎడమిచ్చి కురుస్తుంది. ఎర్ర గరప నేలలు లోతు తక్కువ. అడుగున రాతి పొర. ఇట్టి చోట నీరు పోయకుండా, కంచె వేయకుండా, మేకల నోటికి చిక్కకుండా నిలిచే మొక్క ఏది?

ఈ ప్రశ్నకు గత నూట యాభై సంవత్సరాలుగా మన దేశంలో వినిపిస్తూ వచ్చిన సమాధానం ఒక్కటే: ఎక్కడో కరవుకు అలవాటుపడిన పొదను తెచ్చి ఇక్కడ నాటటం. ఆ విధంగా ప్రపంచమంతటా పయనించిన మొక్కలలో ఆస్ట్రేలియాకు చెందిన వాటిల్ జాతులు ముఖ్యమైనవి. వాటి చరిత్రను పరిశీలించి, ఆ వెలుగులో మన గెనిమల మీద తనంత తానుగా పూచే తంగేడును మరల చూడటం ఈ వ్యాసం ఉద్దేశం.

తడిక పేరు పెట్టుకున్న చెట్టు

వాటిల్ అనగా ఆంగ్లంలో తడిక అని అర్థం. ఆస్ట్రేలియాకు తొలుత వలస వెళ్లిన ఆంగ్లేయులు సన్నని కొమ్మలను తడికలుగా అల్లి, వాటిపై మట్టి మెత్తి గోడలు కట్టుకున్నారు. ఆ కొమ్మలిచ్చిన చెట్లకు ఆ పేరే స్థిరపడింది. వృక్షశాస్త్రం ప్రకారం ఇవి అకేసియా ప్రజాతికి చెందినవి. ఆస్ట్రేలియాలో వీటి జాతులు దాదాపు వేయి ఉన్నాయి. ఆ దేశపు జాతీయ పుష్పం సైతం బంగారు వాటిల్ అను అకేసియా పిక్నాంథా. 1988లో దానికి అధికారిక గుర్తింపు లభించింది.

మన తుమ్మకును వాటిల్‌కును చుట్టరికం ఉన్నది. నల్లతుమ్మను కూడా మొన్నటి వరకు అకేసియా అనియే పిలిచేవారము. అయితే ఈ ప్రజాతి ఒకే వంశానికి చెందినది కాదని తేలిన తరువాత, పేరు ఎవరికి దక్కవలెనన్న వివాదం తలెత్తింది. 2005లో వియన్నాలోను, 2011లో మెల్‌బోర్న్‌లోను జరిగిన అంతర్జాతీయ వృక్షశాస్త్ర మహాసభలు ఆ పేరును ఆస్ట్రేలియా జాతులకే కేటాయించాయి. దానితో మన నల్లతుమ్మ వాచెల్లియా నైలోటికా అయింది. సండ్ర సెనెగాలియాలో చేరింది. విద్యార్థులు పాత గ్రంథాలను, కొత్త గ్రంథాలను కలిపి చదివేటప్పుడు ఈ మార్పును గుర్తుంచుకొనవలెను.

వాటిల్ జాతులలో అనేకం కరవును తట్టుకొనే విధానం గమనించదగినది. లేత మొక్క దశలో వాటికి మన తుమ్మకు వలెనే చీలిన ఆకులుంటాయి. మొక్క ఎదిగిన కొలది ఆ ఆకులు పోయి, ఆకు తొడిమయే చదునై ఆకు పని చేస్తుంది. దీనినే ఫిల్లోడ్ అంటారు. మందమైన చర్మంతో, తరచు నిలువుగా వ్రేలాడే ఈ తొడిమలు మధ్యాహ్నపు ఎండను నేరుగా ఎదుర్కొనవు. నీటిని పొదుపుగా వాడుకొంటాయి. వేళ్లలో బుడిపెలుండి నత్రజనిని స్థిరీకరిస్తాయి. ఇన్ని సుగుణాలుండుట వల్లనే ప్రపంచం వాటిని ఆహ్వానించింది.

ఒక తీరపు పొద చేసిన ప్రయాణం

అకేసియా సాలిగ్నా అను వాటిల్ పొద పశ్చిమ ఆస్ట్రేలియా రాష్ట్రపు నైరుతి మూలకు, ముఖ్యంగా అక్కడి తీర మైదానాలకు చెందినది. పొడవైన ఆకుపచ్చని ఫిల్లోడ్‌లు, వసంతంలో కొమ్మల నిండా బంతుల వలె పసుపు పూలు దీని లక్షణాలు. పుట్టిన చోట అది ఇతర పొదలతో కలిసి ఒదిగి ఉండే మొక్క. ఇసుక మేటలను ఆపుటకు, వంటచెరకుకు, మేతకు పనికివస్తుందని ఉత్తరాఫ్రికా, పశ్చిమాసియా దేశాలకు దానిని విరివిగా తీసుకొనిపోయారు. మేతగా అది ఆశించినంత ఫలితమీయలేదు. ఆకులోని టానిన్లు మాంసకృత్తులను బంధించి పశువుకు సులభంగా జీర్ణం కానీయవు.

దక్షిణాఫ్రికాలోని కేప్ ప్రాంతంలో జరిగినది మరింత తీవ్రమైనది. పందొమ్మిదవ శతాబ్దంలో ఇసుక నేలలను కట్టడి చేయుటకు నాటిన ఈ పొద క్రమేణ అక్కడి స్థానిక వృక్షజాలాన్ని కమ్మివేసింది. దీనికి కారణాలు నాలుగు. విత్తనం పైపొర గట్టిది, సంవత్సరాల తరబడి నేలలో చెడకుండా ఉంటుంది. చీమలు విత్తనాలను భూమి లోపలికి చేరవేస్తాయి. నిప్పు అంటుకొన్నప్పుడు ఆ వేడికి పైపొర పగిలి ఒకేసారి వేలాది మొలకలు పైకి వస్తాయి. నరికితే మొదలు నుండి చిగురిస్తుంది. చివరకు 1987లో ఆస్ట్రేలియా నుండి యూరోమైక్లాడియం అను కణితి తుప్పు శిలీంధ్రాన్ని తెచ్చి విడుదల చేస్తే గాని దాని ఉద్ధృతి తగ్గనారంభించలేదు. ఒక మొక్కను తెచ్చిన దేశం, దాని తెగులును కూడా తరువాత తెచ్చుకొనవలసి వచ్చింది.

నల్ల వాటిల్ అనబడు అకేసియా మెర్న్‌సీ కథ కూడా ఇటువంటిదే. చెక్కలోని టానిన్ కోసం దక్షిణాఫ్రికాలో తోటలుగా పెంచిన ఈ చెట్టు నదీ తీరాలను ఆక్రమించి నీటిని పీల్చుకొన్నది. అక్కడి ప్రభుత్వం 1995లో ప్రత్యేక కార్యక్రమం ఆరంభించి ఇటువంటి పరదేశ వృక్షాలను తొలగించుటకు పూనుకొన్నది. మన నీలగిరి, పళని కొండలలోను వాటిల్ తోటలు షోలా అడవుల నడుమ గల పచ్చిక బయళ్లను మ్రింగివేశాయి.

ఇంటి ముంగిట జరిగిన ప్రయోగం

ఈ పాఠం నేర్చుకొనుటకు రాయలసీమ వారు కేప్ వరకు పోనక్కరలేదు. సర్కారు తుమ్మ, అనగా ప్రోసోపిస్ జూలిఫ్లోరా, మన దేశంలో తొలుత నాటబడిన చోట్లలో ఒకటి అనంతపురానికి పొరుగున ఉన్న కడప ప్రాంతపు కమలాపురం. 1876-78 మహాక్షామ కాలంలో మద్రాసు రాజధానిలో వంటచెరకు కొరత తీర్చుటకు అటవీ అధికారులు దాని విత్తనాలను కోరి తెప్పించారు. ఉద్దేశం మంచిది, మొక్క కూడా చెప్పిన పని చేసింది. పేదల పొయ్యిలోకి కట్టె ఇచ్చింది, బొగ్గు బట్టీలకు ఆధారమైంది. కాని అదే మొక్క నేడు చెరువు గర్భాలను, వాగు గట్లను, బీడు భూములను ఆక్రమించి ఉన్నది. తియ్యని కాయలను తిన్న గొర్రెలు, మేకలు విత్తనాన్ని పేడతో పాటు ఊరూరా చల్లాయి. ఒక ఎకరా చెరువు మొరవను సర్కారు తుమ్మ నుండి విడిపించుటకు యంత్రాన్ని తేవలసిన పరిస్థితి ఏర్పడింది.

కనుక "కరవుకు తట్టుకొంటుంది" అను ఒక్క గుణం మొక్కను సిఫారసు చేయుటకు చాలదు. నాటిన తరువాత అది ఎక్కడ ఆగుతుంది, ఎవరు దానిని ఆపుతారు అన్న ప్రశ్నలకు కూడా ముందే సమాధానం ఉండవలెను.

తంగేడు: పుట్టిన నేల మీద

ఇప్పుడు మన గెనిమ మీదికి వద్దాము. లిన్నేయస్ 1753లో కేసియా ఆరిక్యులేటా అని పేరు పెట్టిన తంగేడు, నేడు సెన్నా ఆరిక్యులేటా అను పేరుతో వ్యవహరింపబడుతున్నది. ఆరిక్యులేటా అనగా చెవులు కలది. ఆకు మొదట ఇరువైపులా చెవుల వలె వెడల్పుగా ఉండే పత్రపుచ్ఛాలను చూచి ఆ పేరు పెట్టారు. పూవు లేని కాలంలో మొక్కను గుర్తించుటకు కూడా అవే ఆనవాలు. భారతదేశపు మెట్ట ప్రాంతాలు, శ్రీలంక దీని స్వస్థలాలు. 2014లో తెలంగాణ ప్రభుత్వం దీనిని రాష్ట్ర పుష్పంగా ప్రకటించింది. బతుకమ్మ పేర్చుటలో దీని స్థానం అందరికీ తెలిసినదే.

సాధారణంగా నిలువెత్తు పెరిగే ఈ పొద కొట్టిన కొలది మొదలు నుండి చిగురిస్తుంది. పశువులు, మేకలు దీని ఆకును సాధారణంగా ముట్టవు. మేత భూములలో ఇతర పొదలన్నీ కొరికివేయబడి కురచబారినా తంగేడు పచ్చగా నిలిచి ఉండుటకు ఇదే కారణం. దీనినిబట్టి ఒక హెచ్చరిక కూడా గ్రహించవచ్చును: బీడులో తంగేడు ఒక్కటే మిగిలి ఉన్నదంటే అక్కడ మేత ఒత్తిడి హద్దు మీరినదని అర్థం.

విద్యార్థులు తరచు పొరపడే విషయం ఒకటున్నది. తంగేడు చిక్కుడు కుటుంబానికి చెందినది గనుక నత్రజనిని స్థిరీకరిస్తుందని వ్రాస్తారు. అది సరికాదు. సెన్నా ప్రజాతి మొక్కల వేళ్లలో నత్రజని బుడిపెలు ఏర్పడవు. తంగేడు రొట్టను పొలంలో వేసినప్పుడు లభించే నత్రజని, మొక్క గాలి నుండి తెచ్చినది కాదు. గెనిమ లోతు నుండి, బీడు నేల నుండి వేరు పైకి తెచ్చినది. అది కూడా విలువైనదే. సాగు వేరు అందుకొనలేని పోషకాలను ఆకు ద్వారా పైపొరకు చేర్చుట చిన్న మేలు కాదు. అయినను లెక్క వేరు. గ్లిరిసిడియా చేయు పనిని తంగేడు నుండి ఆశించి సిఫారసు చేయరాదు. పైగా టానిన్లు అధికంగా గల రొట్ట నెమ్మదిగా కుళ్లుతుంది. దానిని పైరుకు తక్షణ పోషకంగా కాక, నేలపై పరచు ఆచ్ఛాదనగా భావించుట సమంజసం.

తుమ్మెద చేయు పని

తంగేడు పూవులో మకరందం లేదు. పది కేసరాలలో పైనున్న మూడు గొడ్డువి, మిగిలినవి పుప్పొడినిస్తాయి. పుప్పొడి తిత్తి నిలువుగా చీలదు. కొనయందు గల చిన్న రంధ్రం ద్వారా మాత్రమే పొడి బయటకు వస్తుంది. దానిని రాబట్టుటకు తుమ్మెద పూవును గట్టిగా పట్టుకొని, రెక్కలు కదల్చకుండా కండరాలను మాత్రమే అదరగొడుతుంది. ఆ ప్రకంపనకు పొడి చిమ్ముతుంది. తెల్లవారిన తరువాత తంగేడు పొద వద్ద నిలబడిన వారికి వినవచ్చే ఆగి ఆగి మ్రోగు ఝుంకారం ఇదే. మకరందం పూవులో లేకున్నను, ఆకు ఈనెపై రేకల జంటల నడుమ చిన్న గ్రంథులున్నాయి. వాటి వద్దకు చీమలు చేరుతాయి.

తెలుగులో తంగేటి జున్ను అను నానుడి ఉన్నది. శ్రమ లేకుండా చేతికందు వస్తువును ఆ మాటతో సూచిస్తారు. ఏపిస్ ఫ్లోరియా అను చిన్న తేనెటీగ నేలకు దగ్గరగా పొదలలో ఒంటి పట్టు పెడుతుంది; తంగేడు పొదలోని ఆ పట్టును ఎవరైనా వంగి అందుకొనవచ్చును. తేనె ఇతర పూల నుండి వచ్చినదే అయినను, ఇల్లు తంగేడుది. మన పూర్వులు ఈ పొదను తేనెటీగల నివాసంగా గుర్తించారనుటకు ఈ నానుడియే సాక్ష్యం.

దీనికి సేద్యంతో నేరుగా సంబంధమున్నది. అనంతపురం మెట్టలో వేరుశనగతో అంతరపంటగా వేయు కంది పూతను తుమ్మెదలు, ఆకు కత్తిరించు తేనెటీగలు సందర్శిస్తాయి. కంది పూత కొన్ని వారాలు మాత్రమే ఉంటుంది. మిగిలిన కాలమంతా ఆ కీటకాలు ఎక్కడ బ్రతకవలెను? వర్షాల తరువాత ఆరంభమై నెలల తరబడి సాగే తంగేడు పూత వాటికి పుప్పొడినిస్తుంది. గెనిమలను పూర్తిగా గీకి శుభ్రం చేయు అలవాటు వలన పోయేది కలుపు ఒక్కటే కాదు.

చెక్క చెప్పిన చరిత్ర

వాటిల్‌కును తంగేడుకును నిజమైన పోటీ పొలంలో కాక తోళ్ల కేంద్రాలలో జరిగింది. మద్రాసు రాజధాని నుండి విదేశాలకు ఎగుమతి అయిన పదును చేసిన తోళ్లకు పందొమ్మిదవ శతాబ్దంలో గొప్ప పేరుండేది. ఆ పదునుకు ఆధారం తంగేడు చెక్క. ఎండిన చెక్కలో ఐదవ వంతుకు కొంచెం అటుఇటుగా టానిన్ ఉంటుంది. అది తోలులోని మాంసకృత్తును బంధించి కుళ్లకుండా చేస్తుంది. తంగేడుతో పదునైన తోలు వెలుతురు తగిలితే ఎర్రబారుతుంది గనుక చివరకు కరక్కాయ నీటిలో ముంచేవారు. మెట్ట గ్రామాల పేదలు, ముఖ్యంగా పంట లేని నెలలలో, పొదలను నరికి చెక్క ఒలిచి అమ్మి కూలి సంపాదించేవారు.

మొదటి ప్రపంచ యుద్ధకాలంలో సైనికుల బూట్ల కొరకు ఈ తోళ్లకు గిరాకీ విపరీతంగా పెరిగింది. బీడులలో చెదురుమదురుగా పెరిగే పొద ఆ గిరాకీని తీర్చలేకపోయింది; చెక్క ధర పెరిగింది. అప్పుడు దక్షిణాఫ్రికా నుండి వాటిల్ చెక్క దిగుమతి ఊపందుకొన్నది. వాటిల్ చెక్కలో టానిన్ ముప్పది శాతం పైగా ఉంటుంది. అది తోటలలో ఒకే వయసు చెట్లుగా పెరుగుతుంది. సరకు నాణ్యత ఒకే తీరుగా ఉంటుంది. కొన్ని దశాబ్దాలలోనే తంగేడు చెక్క వెనుకబడిపోయింది.

ఇక్కడ ఆలోచించవలసినది ఏమనగా, ఓడినది మొక్క మాత్రమే కాదు. వాటిల్‌కు ఎంపిక, నాటు దూరం, కోత వయసు, చెక్క శ్రేణీకరణ అన్నీ సమకూరాయి. తంగేడుకు వాటిలో ఏ ఒక్కటియు చాలినంతగా సమకూరలేదు. బీడులో దొరికినదానిని దొరికినట్లు ఒలుచుకొన్నారు. ఉచితంగా దొరుకు వస్తువుపై పరిశోధన చేయు అవసరం ఎవరికీ తోచలేదు. తంగేటి జున్ను అను నానుడిలోని చులకనయే ఆ మొక్కకు శాపమైనది.

సిఫారసు చేయుటకు ముందు

తంగేడును గెనిమల మీదికి తీసుకొనిరావలెనని చెప్పుటకు ఇప్పటికే కొన్ని బలమైన ఆధారాలున్నవి. పార్థీనియం అను వయ్యారిభామను అణచగల పోటీ మొక్కల జాబితాలో కలుపు శాస్త్రవేత్తలు తంగేడును కూడా చేర్చారు. అనంతపురానికి ఈ విషయం ప్రత్యేకించి ముఖ్యం. 2000 సంవత్సరం ఖరీఫ్‌లో ఈ జిల్లాలో సుమారు 2.25 లక్షల హెక్టార్ల వేరుశనగను కాండం కుళ్లు వైరస్ తెగులు దెబ్బతీసింది. పొగాకు చార వైరస్ వలన వచ్చు ఈ తెగులుకు వయ్యారిభామ పుప్పొడియు, దానిని మోయు తామర పురుగులును వాహకాలని తేలింది. గెనిమను ఏ మొక్క ఆక్రమించి ఉన్నదన్నది పైరు ఆరోగ్యానికి సంబంధించిన విషయమని నాడు స్పష్టమైంది.

అయితే ఒక పొరపాటును దిద్దబోయి మరొకటి చేయరాదు. తంగేడు పూవులలో తామర పురుగులు ఏ మేరకు ఉంటాయి, అది ఆ వైరస్‌కు ఆశ్రయమిస్తుందా అన్నది మన పొలాలలోనే పరీక్షించి చూచిన తరువాత గాని విస్తృత సిఫారసుకు దిగరాదు. విద్యార్థుల పరిశోధనకు ఇది చక్కని అంశం: ఖర్చు తక్కువ, నమూనా ప్రతి గెనిమ మీదను సిద్ధంగా ఉన్నది.

పరిశీలించవలసిన ఇతర అంశాలు ఇవి:

• గెనిమ మీద తంగేడు వరుస నుండి పైరు ఎంత దూరం వరకు తేమకు పోటీ ఎదుర్కొంటుంది? వర్షాభావ సంవత్సరంలో ఇది నిర్ణాయకం.

• ఏటా ఎన్ని మార్లు, ఏ ఎత్తున కొట్టితే పొద క్షీణించకుండా అధిక రొట్ట ఇస్తుంది?

• రొట్టను నేలపై పరచినప్పుడు తేమ నిలుపుదలలోను, నత్రజని విడుదల వేగంలోను ఎంత తేడా వస్తుంది?

• తంగేడు గల గెనిమల వద్ద, లేని గెనిమల వద్ద కంది కాయ పట్టుటలో వ్యత్యాసమున్నదా?

• చెక్కలోని టానిన్ శాతంలో పొదకును పొదకును గల భేదమెంత? ఎంపికకు అవకాశమున్నదా?

పెంపకానికి చిక్కులేమీ లేవు. ఎండిన కాయల నుండి విత్తనం సేకరించి, గట్టి పైపొర మెత్తబడుటకు మరుగు నీటిని పోసి అదే నీటిలో రాత్రంతా నానబెట్టవలెను. తొలకరిలో గెనిమ వాలుపై నేరుగా విత్తవచ్చును. మొదటి సంవత్సరం కొట్టరాదు. ఆకు మేయబడదు గనుక కంచె అవసరం సాధారణంగా రాదు. ఔషధంగా తంగేడు పూల కషాయానికి ప్రచారం పెరుగుతున్నది. మధుమేహానికి మందులు వాడువారు వైద్యుని సంప్రదించకుండా దానిని ప్రత్యామ్నాయంగా తీసుకొనరాదని చెప్పుట మన బాధ్యత.

నాటకుండా పెంచుట

చివరగా, నాటుట ఒక్కటే మార్గం కాదని గుర్తుచేయవలసి ఉన్నది. ప్రస్తుతం శ్రీ సత్యసాయి జిల్లాలో చేరిన చెన్నేకొత్తపల్లి ప్రాంతంలో 1990లో ఆరంభమైన టింబక్టు కలెక్టివ్, పరిసర గ్రామాలతో కలిసి కల్పవల్లి అను ఉమ్మడి భూములలో చేసిన పని ఇందుకు ఉదాహరణ. వేల ఎకరాల బోడి గుట్టలను నిప్పు నుండి, అదుపులేని మేత నుండి, నరకుడు నుండి కాపాడగా, నేలలో మిగిలి ఉన్న మొదళ్లు, విత్తనాలు తమంతట తామే పచ్చబడ్డాయి. అక్కడ ప్రధాన వ్యయం మొక్కలపై కాదు, కాపలాపై. గ్రామస్థుల మధ్య ఒప్పందమే అక్కడి ముఖ్యమైన సాంకేతికత.

వాటిల్ కూడా తన జన్మస్థలంలో చెడ్డ మొక్క కాదు. దానిని అదుపు చేయు పురుగు, తెగులు, పోటీ అన్నీ అక్కడే విడిచి, ఒంటరిగా పరాయి నేలకు తేవటం వల్లనే అది శత్రువైనది. తంగేడు అటువంటి అదుపులన్నిటితో కూడి మన నేల మీదనే ఉన్నది. దాని ఆకును తినే సీతాకోకచిలుక గొంగళి పురుగు, దాని పూవును కదిపే తుమ్మెద, దానిని కొట్టి వాడుకొను రైతు, ముగ్గురూ ఇక్కడివారే.

"గెనిమ మీద ఏం నాటితే బతుకుతాది" అన్న రైతు ప్రశ్నకు మనం వెంటనే ఒక పేరు చెప్పుట కంటె ముందు, ఆ గెనిమ మీద ఇప్పటికే ఏమి బ్రతికి ఉన్నదో అతనితో కలిసి చూడవలెను. దానిని గీకివేయకుండా ఒక వానకారు వదలి చూడమని చెప్పవచ్చును. తంగేడు విషయంలో పరిశోధన పొలానికి అక్కడి నుండియే మార్గం మొదలవుతుంది.